నిమ్మకాయ గుచ్చిన బాయినెట్

కోతలు కోసేవాడికి తిండి లేకపోయినా గడుస్తుంది గాని వినేవాళ్లు లేకపోతే గడవదు. మహేంద్రమంగళంలో అట్లాంటి మనిషి తిమ్మరాయన్. పట్టాళంలో సిపాయిగా పనిచేసి, పింఛను తీసుకుని, ఊరికి వచ్చి స్థిరపడ్డాడు. పొలానికి దిష్టిబొమ్మ ఎట్లాగో ధనం టీ అంగడికి తిమ్మరాయన్ అట్లాగ. ఆయన మాటలు ఎవరూ నమ్మరు, ఎవరూ నొచ్చుకోరు. విని, నవ్వి, దులుపుకుని పోతారు. అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదని ఊరంతా అనుకునేది. కాని ఎదుట కూర్చున్నవాడు ఏ బరువు మోస్తూ వింటున్నాడో చెప్పేవాడికి తెలియదు. చిక్కంతా అక్కడే.

ఆ ఏడు ఆయుధపూజ నాటి మధ్యాహ్నం రంగసామి ఆ అంగడికి వచ్చింది కాలక్షేపానికి కాదు.

రంగసామి టమాటా పండించే రైతు. ఒక్కతే కూతురు, యోగలక్ష్మి. ఆ పిల్ల పట్టాళానికి ఎంపికయింది. విజయదశమి మరునాడు మొరప్పూర్‌లో రైలెక్కాలి. దిష్టి తగులుతుందని ఇంట్లోవాళ్లు ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. రంగసామి మొదట సంతోషంగానే ఉన్నాడు. నాలుగు రోజుల కిందట ఆ పిల్ల సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. శిక్షణలో ఉన్న ఆడపిల్లలు తుపాకి కొనకు పొడుగాటి కత్తి తగిలించుకుని, గొంతు చించుకుని అరుస్తూ పరుగెత్తి, వేలాడే గడ్డిబొమ్మలను పొడుస్తున్నారు. "దీన్ని బాయినెట్ అంటారు నాయనా" అని యోగలక్ష్మి నవ్వుతూ చెప్పింది. రంగసామికి నవ్వు రాలేదు. పండక్కి కోడిని కోస్తుంటే పెరట్లోకి పోయి చెవులు మూసుకునే పిల్ల అది. దూరం నుంచి తుపాకి పేల్చడం ఒకటి. మనిషి మొగంలోకి చూస్తూ పొడవడం ఇంకొకటి. తన బిడ్డ అట్లా పొడవాల్సి వస్తుందా? ఎవడైనా వచ్చి తన బిడ్డను అట్లా పొడుస్తాడా?

తండ్రి మొగం చూసి ఆ పిల్లే అంది: "నువ్వు నోరారా పోయిరమ్మంటేనే పోతాను నాయనా. మొగం వేలాడేసుకుని పంపిస్తే నేను అక్కడ నిలవలేను."

అప్పటినుంచి అతనికి ముద్ద దిగడం లేదు. ఊళ్లో పట్టాళం చూసినవాడు తిమ్మరాయన్ ఒక్కడే. అందుకే వచ్చాడు.

అంగడి వాకిట రెండు పక్కలా అరటి పిలకలు కట్టి ఉన్నాయి. బాయిలరుకు మూడు వేళ్ల గంధం, నడిమిన కుంకుమ. దేవుడి పటం ముందర ధనం తన కొబ్బరికాయలు కొట్టే కత్తిని నిలబెట్టి, దాని కొనకు నిమ్మకాయ గుచ్చింది. పక్కన తట్టలో ఇంకొన్ని నిమ్మకాయలు, బొరుగులు, పుట్నాలు.

"కత్తి పూజలో ఉండాది, అందుకే అల్లం రాతితో దంచినాను. టీలో నలుసులు వస్తే తిట్టొద్దండి" అంది ధనం. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు మరుపూజ చేసేదాకా ఎవరూ తాకరు. తాతల కాలం నుంచి అదే వాడుక.

తిమ్మరాయన్ బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే బాలమురుగన్ బొరుగులు నములుతున్నాడు. రంగసామి గ్లాసు అందుకుని కూర్చుని, మెల్లగా అడిగాడు.

"బావా, ఈ కాలంలో కూడా పట్టాళంలో ఆ బాయినెట్ అనేది వాడతారా?"

తిమ్మరాయన్ కంటే ముందు బాలమురుగన్ అందుకున్నాడు. "ఇప్పుడు బాయినెట్ ఏంది రంగసామన్నా? అంతా డ్రోన్లు. ఏసీ రూములో కూర్చుని బటన్ నొక్కితే అక్కడ కొండ లేచిపోతాది. బాయినెట్ ఏందికి, పాలడబ్బా తెరిచేదానికా?"

తిమ్మరాయన్ గ్లాసు బల్ల మీద ఠంగున పెట్టాడు.

"డబ్బా తెరిచేదానికా? ఏమిరా బాలా, పగిలిన సెల్లుకు అద్దం అతికించేవాడివి, నువ్వు చెప్తావా నాకు యుద్ధం? డ్రోనుకు బ్యాటరీ అయిపోతే ఏం చేస్తావు? తుపాకిలో గుండ్లు అయిపోతే ఏం చేస్తావు? బాయినెట్‌కు చార్జింగ్ అక్కర్లేదు, గుండు అక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు. చెయ్యి ఉంటే చాలు. రంగసామీ, నువ్వు సరైన మనిషిని అడిగినావు. ఇట్ల తిరుగు, చెప్తాను."

రంగసామి తిరిగి కూర్చున్నాడు.

"ఆ పొద్దు కూడా ఆయుధపూజే. నేను కొండ మీద చౌకీలో ఉండాను. మంచు, ఊరికే మంచు కాదప్పా, చెయ్యి చాపితే నీ వేళ్లు నీకే కనబడవు. మా కంపెనీ తుపాకులన్నీ గుడారంలో వరసగా పెట్టి పూజ చేసినాము. వడక్కి వాళ్లు, అదే ఉత్తరాది సిపాయిలు, వాళ్ల పద్ధతిలో తిలకం దిద్దినారు. నేను మాత్రం మన ఊరి వాడుక విడవలేదు. నా తుపాకికి బాయినెట్ తగిలించి, దాని కొనకు నిమ్మకాయ గుచ్చినాను. ఇదో, ధనం గుచ్చిందే, అచ్చం ఇట్లనే, కొన కనబడకుండా. పూజ అయింది. కావలికి నా వంతు వచ్చింది. వట్టి చేతులతో కావలి కాయకూడదు కదా, నా తుపాకి నేను తీసుకున్నాను."

"పూజలో పెట్టింది ఎట్ల తీస్తావు మామా? మరుపూజ కాకుండానే?" అన్నాడు బాలమురుగన్.

"అక్కడే ఉండాది బుర్ర. గుండు పేలిస్తే అది పోయినట్టే, తిరిగి రాదు. అది వాడకం. కత్తి అట్ల కాదు, పొడిచినా చేతిలోనే ఉంటాది. అది వాడకం కిందకి రాదు. పేల్చకూడదు గాని పొడవచ్చు. నిమ్మకాయ మాత్రం తీయకూడదు. తీస్తే పూజ చెడిపోతాది. నేను తీయలేదు."

"ఇది ఏ పూజారి చెప్పినాడన్నా?" అంది ధనం పాలు కలుపుతూ.

"నా మనసే చెప్పింది. విను. మంచులో నిలబడుకున్నానా, రాయి దొర్లిన చప్పుడు. ఎవురది అన్నాను. పలుకు లేదు. పేల్చేదానికి లేదు, పూజ. అప్పుడు బాయినెట్‌ను ఊడదీసి మళ్లీ తగిలించినాను. 'సంగీన్ లగా' అంటారు మా భాషలో. టక్ అని చప్పుడు అవుతాది. అబ్బా, ఆ చప్పుడు! పదిమంది తుపాకి పేల్చినా బెదరనోడు ఆ టక్‌కు బెదురుతాడు. అవతల ఎవుడో పరుగెత్తినాడు. అడుగుల చప్పుడు విన్నాను."

ఇంతవరకు రంగసామి నమ్మాడు. చప్పుడుకే పారిపోయారంటే మంచిదే అనుకున్నాడు. టీ ఒక గుక్క తాగాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" తిమ్మరాయన్ ముందుకు వంగాడు. "పరుగెత్తినోడు పోయినాడు. వాడి వెనకాల ఉన్నోడు పోలేదు. మంచులోంచి నేరుగా నా మీదకి వచ్చినాడు. ఆరడుగుల మనిషి. వాడి చేతిలో కూడా కత్తి. ఇద్దరి నడుమ ఇదో, ఈ బల్లంత జాగా. వాడి కళ్లు చూసినాను రంగసామీ. వాడు నమిలే వక్కాకు వాసన కూడా నాకు తెలిసింది. అంత దగ్గర. దేవుడా అనుకున్నాను, పొడిచినాను."

"మనిషినా?" అన్నాడు రంగసామి.

"మనిషిని కాక మానునా? పొడిస్తే చేతికి తెలుస్తాదప్పా. ఆ బరువు ఇప్పటికీ నా మణికట్టులో ఉండాది. వాడు ఊరికే పోలేదు, పోతా పోతా కత్తి విసిరినాడు. ఇదో చూడు." ఎడమచేతి బొటనవేలు ఎత్తి చూపించాడు. వేలికి అడ్డంగా తెల్లని మచ్చ. ఊళ్లో అందరూ చూసిన మచ్చే. ఈ మాటు అది రంగసామి కంటికి వేరుగా కనబడింది. అట్లాంటి మచ్చ తన కూతురి చేతి మీద ఊహించుకున్నాడు. తర్వాత కూతురి చేతిలో ఆ బరువు ఊహించుకున్నాడు. రెండోది మొదటిదానికంటే ఘోరంగా ఉంది.

"ఇప్పుడు చేరే పిల్లోళ్లకు కూడా ఇదే రాతా బావా?"

"ఇదే. ఎవురైనా ఇదే. పట్టాళంలో చేరినవాడు ఒక పొద్దు కాకపోతే ఒక పొద్దు పొడవాల్సిందే, లేదా పొడిపించుకోవాల్సిందే."

రంగసామి గ్లాసు కింద పెట్టాడు. టీ సగం మిగిలింది. ఇంక అడగవలసింది లేదు. ఇంటికి పోయి, వద్దమ్మా అని చెప్పేయాలి. ధర్మపురిలో బట్టల అంగడిలో పని ఉందన్నారు, అది చాలు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని లేచాడు.

కోతల మనిషికి వినేవాడు లేచిపోవడం కంటే అవమానం లేదు. దొరికిన చెవి జారిపోతుంటే వాడు కథను ఆపడు, పెంచుతాడు. తిమ్మరాయన్ రంగసామి తుండుగుడ్డ కొస పట్టుకున్నాడు.

"యాడికి పోతావు? అసలు సంగతి ఇప్పుడే కదా మొదలు. వీడు డ్రోన్లు డ్రోన్లు అన్నాడే, ఆ డ్రోన్లు కూడా వచ్చినాయి! తేనెటీగలు లేచినట్టు లేచినాయి."

"అంత మంచులో డ్రోన్ ఎట్ల కనబడింది మామా?" అన్నాడు బాలమురుగన్.

"ఎవురు చూసినారు? చెవితో పట్టినాను. మా అత్త పక్క గదిలో సణిగితే ఏ మూల నుంచి సణిగిందో చెప్పేవాణ్ణి నేను. జుయ్ మంటే ఇటు, జుయ్ మంటే అటు. ధనం మాల కడితే పూవు గుచ్చినట్టు, ఒకదాని వెనక ఒకటి బాయినెట్‌కు గుచ్చినాను. బ్యాటరీలు సలసల కాగినాయి. ఆ వేడి మీద కంపెనీ మొత్తానికి టీ కాచినాము."

"నా బాయిలర్ కంటే మేలు" అంది ధనం. "చక్కెర వేసినారా అన్నా?"

"బెల్లం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టీ తాగతా ఉంటే నేల అదిరింది. ట్యాంకు! మన పెద్ద లారీలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత. అందరూ పండుకోండి అన్నారు. నేను పండుకుంటానా? తుపాకి ఇట్ల పట్టుకుని ఎదురు పరుగెత్తినాను. బాయినెట్‌ను దాని ఇనుప రేకులో దించినాను. రేకు చీలింది, అడుగు చీలింది, కింద బండ చీలింది. బండలో నుంచి నీళ్లు చిమ్మినాయి. ట్యాంకు ఆ నీళ్ల మీద తేలి వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఇప్పటికీ అక్కడ ఆ ఊటతోనే టమాటా పండిస్తారు."

"మంచు కొండ మీద టమాటానా?"

"వేడినీళ్ల ఊట రా! చదువుకోలేదా నువ్వు?"

బాలమురుగన్‌కు బొరుగులు పొరబోయాయి. ధనం అతని వీపు మీద చరిచింది. తిమ్మరాయన్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. ఇప్పుడు ఆయన గొంతు భక్తితో తగ్గింది.

"తెల్లారినాక మా మేజరు వచ్చినాడు. ఊట చూసినాడు, డ్రోన్ల కుప్ప చూసినాడు, నా బాయినెట్ చూసినాడు. దాని కొనకు నా నిమ్మకాయ, మన ఊరి నిమ్మకాయ, గుచ్చింది గుచ్చినట్టే ఉండాది. ఒక గీటు లేదు, ఒక చుక్క రసం కారలేదు. మేజరు నాకు కాదు, ఆ నిమ్మకాయకు సెల్యూట్ కొట్టినాడు. సెలవుకు వచ్చినప్పుడు దాన్ని తెచ్చి మా అమ్మ చేతికి ఇచ్చినాను. అది పూజ మహిమ. ఇప్పుడు చెప్పండి, బాయినెట్ ఈ కాలానికి పనికొస్తాదా, రాదా?"

రంగసామి నిలబడే ఉన్నాడు. అతను దేవుడి పటం ముందరున్న ధనం కత్తి వైపు చూస్తున్నాడు. గుచ్చిన చోటి నుంచి అప్పటికే రసం కారి, కత్తి మీది కుంకుమ కరిగి కిందకి జారింది. ఆ పొద్దున తన ట్రాక్టరు చక్రాల కింద తనే నిమ్మకాయలు పెట్టాడు. చక్రం ఇట్లా కదిలిందో లేదో టప్పున చిట్లి రసం పాదాల మీద పడింది.

"బావా" అన్నాడు. "ఆ నిమ్మకాయ కొనకే కదా గుచ్చినావు?"

"కొనకు కాక పిడికి గుచ్చుతారా? మన వాడుక మరిచినావా?"

"కొన బయటికి రాలేదు కదా?"

"వస్తే అది ఏం పూజ? కొన దాని కడుపులోనే ఉండాది. చెప్తిని కదా, తెల్లారి దాకా గీటు పడలేదని."

"మరి కొన మీద నిమ్మకాయ చెక్కు చెదరకుండా ఉంటే, ఆ కత్తి దేన్ని తాకినట్టు బావా?"

తిమ్మరాయన్ ధనం కత్తి వైపు చూశాడు. బొరుగుల తట్ట వైపు చెయ్యి పోయింది గాని ఒక గింజ కూడా తీసుకోలేదు.

బాలమురుగన్ బల్ల చరిచి లేచాడు. "పోయింది మామా! ట్యాంకు పోయింది, ఊట పోయింది, టమాటా పోయింది! నిమ్మకాయ అన్నిటినీ మింగేసింది!"

"వక్కాకు నమిలినోడు కూడా పోయినాడు" అంది ధనం నవ్వుతూ.

నవ్వనిది రంగసామి ఒక్కడే. అతను వచ్చి మళ్లీ తిమ్మరాయన్ ఎదుట కూర్చున్నాడు.

"నవ్వేదానికి అడగలేదు బావా. నా బిడ్డ ఎల్లుండి పట్టాళానికి పోవాలి. దిష్టి అని ఎవురికీ చెప్పలేదు. నువ్వు మనిషిని పొడిచినానంటివే, అప్పుడే లేచినాను, పోయి దాన్ని ఆపేద్దామని. ఒక్క మాట చెప్పు. అన్నేండ్లు నీ నడుముకు వేలాడింది కదా ఆ కత్తి, దానికి మనిషి నెత్తురు అంటిందా?"

బాలమురుగన్ మెల్లగా కూర్చున్నాడు. తిమ్మరాయన్ కాలు మీది కాలు దించాడు. ఆయనకు మాటలు వెతుక్కోవలసి రావడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

"లేదు" అన్నాడు. "నాది గాని, నా పక్కనోడిది గాని, లేదు. నేర్పిస్తారు రంగసామీ. అరిపిస్తారు, గడ్డిబొమ్మను పొడిపిస్తారు. లోపలి భయం బయటికి పోయేదానికి. దాన్ని వాడేది తక్కువ, మోసేది ఎక్కువ. ముందు ముందు ఎట్ల ఉంటాదో నేను చెప్పలేను. చెప్తే అది కూడా కోతే."

రంగసామి ఆ మాటలను ఒక్కొక్కటిగా లోపలికి తీసుకున్నాడు. ఎల్లకాలం భద్రం అని ఎవరూ చెప్పలేరు. ఆ మాట చెప్పనందుకే, ఆ పూట తిమ్మరాయన్‌ను మొదటిసారి పూర్తిగా నమ్మాడు. చల్లారిన టీ ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు.

అంతలో రోడ్డు మీద స్కూటర్ ఆగింది. యోగలక్ష్మి దిగింది. "నాయనా, పూజకు అమ్మ కాచుకుని ఉండాది. ఎంతసేపు?" అంటూ వచ్చి, అందరూ తనవైపే చూస్తుంటే ఆగిపోయింది.

రంగసామి లేచి ధనాన్ని అడిగాడు. "పూజ తట్టలో గుచ్చని నిమ్మకాయ ఒకటి ఇస్తావా అమ్మా?"

ధనం ఏరి, పచ్చనిది, గట్టిది ఇచ్చింది. రంగసామి దాన్ని కూతురి అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"పోయిరా తల్లీ. దీన్ని నీ పెట్టెలో పెట్టుకో. ఎండిపోతే పోనీ, చీలకుండా తిరిగి తీసుకురా."

యోగలక్ష్మి తండ్రి మొగంలోకి చూసింది. నాలుగు రోజులుగా వెతుకుతున్నది అక్కడ దొరికినట్టుంది. ఏమీ అడగకుండా తల ఊపి, నిమ్మకాయను పిడికిట్లో పట్టుకుని స్కూటర్ వైపు నడిచింది.

"అమ్మాయీ" అని పిలిచాడు తిమ్మరాయన్.

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. బాలమురుగన్ మోచేత్తో ధనాన్ని పొడిచాడు, మళ్లీ మొదలన్నట్టు. తిమ్మరాయన్ వాళ్ల వైపు చూడలేదు.

"అక్కడ పాలడబ్బా తెరిచేదానికి వేరే ఏమీ దొరకదు. బాయినెట్ తోనే తెరవాల. అప్పుడు డబ్బాను ఎడమచేత్తో పట్టుకోవద్దు. రెండు కాళ్ల నడుమ నేల మీద పెట్టుకో. కత్తి జారుతాది."

"సరే మామా" అంది యోగలక్ష్మి.

స్కూటర్ కదిలిపోయింది. అందరి కళ్లూ తిమ్మరాయన్ ఎడమచేతి బొటనవేలి మీద, ఆ తెల్లని మచ్చ మీద నిలిచాయి. ఆయన ఆ చేతిని మెల్లగా ఒళ్లోని తువ్వాలు కిందకి లాక్కున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ధనం అడగకుండానే ఆయనకు ఇంకొక టీ పోసింది.